కమ్యూనిటీ పోస్టింగ్‌లో పెద్దవాళ్ల ఇంటికి వెళ్తున్నారా? ఏం అడగాలి, ఏం చూడాలి, రికార్డు ఎలా రాయాలి

కమ్యూనిటీ పోస్టింగ్, అంటే చదువులో భాగంగా ఊళ్లో ఇంటింటికీ వెళ్లి ఆరోగ్యం చూసే రోజులు, దగ్గర పడిందంటే నర్సింగ్ పిల్లలు అడిగేది ఏటా ఒకటే: "మేడమ్, ఇంటికెళ్లాక ఏం మాట్లాడాలి?" వార్డులో అయితే బెడ్ నంబరు ఉంటుంది, కేస్ షీటు ఉంటుంది, పక్కన సిస్టర్ ఉంటారు. ఊళ్లో అవేవీ ఉండవు. ఒక అరుగు, ఒక నులక మంచం, దాని మీద డెబ్భై దాటిన మనిషి, ఎదురుగా ఫారం పట్టుకుని నిలబడ్డ మీరు. భయం వేస్తుంది. ఆ భయంలో చాలా భాగం ఏ పని తర్వాత ఏ పని చేయాలో తెలియకపోవడం వల్లే. అందుకే ఈ వరస రాస్తున్నాను. బీఎస్సీ నర్సింగ్ వాళ్లకూ జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా వాళ్లకూ ఇదే పనికొస్తుంది.

ముందుగా ఒక్క మాట. మీ కంగారు, ఆ పెద్దామె బాగోగులు రెండూ ముడిపడి ఉన్నాయి. రికార్డు నింపేయాలన్న తొందర మీ ముఖంలో కనిపిస్తే ఆమె "అంతా బానే ఉందమ్మా" అని పంపించేస్తుంది. మీరు నిదానంగా కూర్చుంటే అసలు సంగతి చెబుతుంది. అప్పుడు మీరు రాయడానికి వెతుక్కోవాల్సిన పని ఉండదు.

వెంట ఉండాల్సినవి

- కమ్యూనిటీ బ్యాగ్, దాని కింద పరచడానికి పాత న్యూస్‌పేపరు, సబ్బు, చేతి తువ్వాలు
- బీపీ ఆపరేటస్, స్టెత్. సన్నటి చేతులున్నవాళ్లకు చిన్న కఫ్ (చేతికి చుట్టే పట్టీ) దొరికితే అదీ
- సెకన్ల ముల్లు ఉన్న వాచీ, కొలత టేపు, సుద్దముక్క
- జేబులో పట్టే రఫ్ నోట్‌బుక్. రికార్డు బుక్కు బ్యాగులోనే ఉండనివ్వండి
- కాలేజీ ఇచ్చిన తెలుగు ఫారాలు: రోజువారీ పనుల స్కేలు కాట్జ్, దిగులు కొలిచే జీడీఎస్-15
- ట్యూటర్ నంబరు, ఆశా కార్యకర్త నంబరు, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) నంబరు ఒక కాగితం మీద. ఫోన్ చార్జింగ్ అయిపోతే ఆ కాగితమే దిక్కు
- నీళ్ల బాటిలు. హాస్టల్లో టిఫిన్ మానేసి రావద్దు. ఎండలో తిరిగి కళ్లు తిరిగి పడిపోయే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు, దాదాపు అందరూ పొద్దున ఏమీ తినకుండా వచ్చినవాళ్లే

1. ముందురోజు: ఆశాతో మాట్లాడండి

మీకు అలాటైన ఇంట్లో ఎవరెవరు ఉంటారు, పెద్దవాళ్లు ఇంటి దగ్గర దొరికే వేళ ఏది, ఈమధ్య ఆ ఇంట్లో ఎవరైనా పోయారా అన్నవి ఆశాను అడగండి. మూడోది తప్పనిసరి. భర్త పోయి నెల కూడా కాని మనిషిని "మీవారు ఏం చేస్తారు?" అని అడిగితే ఆ తర్వాత ఆ ఇంట్లో మీకు మాట పుట్టదు.

ఆంధ్రలో ఒకటో తారీఖు పొద్దున వెళ్లకండి. సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి పింఛను ఇచ్చే రోజది, అందరి ధ్యాసా దాని మీదే ఉంటుంది. ఇద్దరు జతగా వెళ్లండి, ఒకరు మాట్లాడితే ఒకరు గమనించండి.

2. ఇంట్లో అడుగు పెట్టాక: ఫారం తీయకండి

పేరు చెప్పండి, ఏ కాలేజీయో చెప్పండి, ఎందుకొచ్చారో ఒక్క వాక్యంలో చెప్పండి. "మీ ఆరోగ్యం గురించి కాసేపు మాట్లాడదామని వచ్చామండీ, మీకు ఇష్టమైతేనే." వద్దంటే నమస్కారం పెట్టి, మళ్లీ ఎప్పుడు రమ్మంటారో అడిగి వచ్చేయండి. బతిమాలి చేసిన అసెస్‌మెంట్ పనికిరాదు.

పిలుపు దగ్గర ఒక జాగ్రత్త. కొన్నిచోట్ల అవ్వ, తాత అంటే సంతోషిస్తారు. కొన్నిచోట్ల మామ్మగారు, తాతగారు అనాలి. అరవై రెండేళ్ల ఆమెను "అవ్వా" అంటే మొహం ముడుచుకుంటుంది, ఆమెకు "పెద్దమ్మా" సరిపోతుంది. తెలియకపోతే ఆశా ఎలా పిలుస్తోందో విని అలాగే పిలవండి.

కూర్చునేటప్పుడు వెలుతురు మీ ముఖం మీద పడేలా కూర్చోండి. చెవుడు వచ్చినవాళ్లు పెదాలు చూసి సగం అర్థం చేసుకుంటారు. గట్టిగా అరవద్దు. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది సన్నటి, కీచు శబ్దాలు. అరిచినకొద్దీ మీ గొంతు సన్నబడుతుంది, ఆమెకు ఇంకా తక్కువ అర్థమవుతుంది. గొంతు కాస్త దించి నెమ్మదిగా, మాటకు మాటకు మధ్య ఆగి మాట్లాడండి.

3. నిన్నటి రోజంతా చెప్పించండి

ఈ గైడులో ఒక్క మెట్టే చదువుతానంటే ఇది చదవండి.

"మీకు నిద్ర పడుతుందా? ఆకలి వేస్తుందా? నొప్పులున్నాయా?" అని వరసగా అడిగితే వచ్చే జవాబులు "ఆఁ", "ఊఁ". బదులుగా ఇలా అడగండి: "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఏమేం చేశారో చెప్పండి." మాట ఆగిన చోట చిన్న ప్రశ్న వేయండి. సంభాషణ సాధారణంగా ఇలా సాగుతుంది:

"ఏముందమ్మా, తినడం, కూర్చోవడం."

"పొద్దున ఏం తిన్నారు పెద్దమ్మా?"

"రాత్రి అన్నంలో ఇంత మజ్జిగ పోసుకున్నా."

"మరి రాత్రికి?"

"రాత్రి తినను. తింటే నీళ్లు తాగాలి, తాగితే లేవాలి. బాత్రూము దొడ్లో ఉంది, అక్కడ లైటు లేదు."

ఫారం ప్రకారం అడిగి ఉంటే ఇక్కడ "ఆకలి తక్కువ" అని రాసేవారు, బలానికి టానిక్ అని ప్లాన్‌లో పెట్టేవారు. ఆమెకు ఆకలి ఉంది. చీకట్లో పడతానన్న భయం కూడా ఉంది. ఆమెకు షుగర్ ఉండి, రాత్రి బిళ్ల వేసుకుని అన్నం మానేస్తుంటే ప్రమాదం ఇంకా పెద్దది. తెల్లవారుజామున షుగర్ పడిపోవచ్చు. ఆమెకు కావలసింది దొడ్లో ఒక బల్బు.

పెద్దవాళ్ల బాగోగులు ఎక్కువగా ఇలాంటి వాటి మీదే ఆధారపడి ఉంటాయి. కళ్లు కనిపించడం, చెవులు వినిపించడం, నమలగలగడం, కాళ్ల మీద నమ్మకం, చేతిలో సొంత డబ్బు, మాట్లాడటానికి మనిషి. నా మటుకు నేను వీటికి ఇంకొకటి కలుపుతాను: ఇంట్లో ఏదైనా నిర్ణయం తీసుకునేటప్పుడు వాళ్లను అడుగుతున్నారా లేదా. మనవరాలి పెళ్లి ముహూర్తం గురించి తనను అడిగారని చెప్పే తాత ముఖానికీ, అడగలేదని చెప్పే తాత ముఖానికీ తేడా మీకే కనిపిస్తుంది. నిన్నటి కబుర్లలో ఇవన్నీ బయటపడతాయి. వింటూ రఫ్ నోట్‌బుక్‌లో ముక్కలుగా రాసుకోండి, వాళ్లన్న మాటల్లోనే.

*ప్రత్యామ్నాయం:* మాట్లాడటం ఇష్టం లేని మనిషైతే పని దగ్గర కలవండి. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే మీరూ నాలుగు తీయండి. చేతులు పనిలో ఉన్నప్పుడు మాట సులువుగా వస్తుంది.

4. బీపీ: కూర్చుని ఒకసారి చూస్తే సరిపోదు

టీ తాగి, బీడీ లేదా చుట్ట కాల్చి అరగంట కాకపోతే ఆగండి. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి చూడండి. తర్వాత నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే నిలబడగానే బీపీ పడిపోయే సమస్య ఉన్నట్టు. తూలి పడటానికి ఇదొక పెద్ద కారణం. నిలబెట్టినప్పుడు మీ జతలో రెండోవాళ్లు పక్కనే ఉండాలి. కళ్లు తిరుగుతున్నాయంటే వెంటనే కూర్చోబెట్టండి, రీడింగ్ కోసం ఆగకండి.

ఇక్కడ పిల్లలు చేసే తప్పులు:

బిగుతు జాకెట్టు చెయ్యి పైకి నెట్టి దాని కింద కఫ్ కట్టడం. ఆ మడత చేతిని నొక్కేస్తుంది, అంకె తప్పుగా వస్తుంది. వేరే గదిలోకి తీసుకెళ్లి చెయ్యి వదులు చేయించండి, లేదా జాకెట్టు గుడ్డ పలుచగా ఉంటే దాని మీదుగా కట్టి ఆ సంగతి రాయండి.

నాడి పట్టుకోకుండా నేరుగా స్టెత్ పెట్టడం. బీపీ ఎక్కువున్న పెద్దవాళ్లలో కొందరికి మధ్యలో కాసేపు శబ్దం ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. మీరు ఆ ఖాళీలోంచి మొదలుపెడితే 180 ఉన్న మనిషికి 150 అని రాసేస్తారు. ముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని కఫ్ నింపండి. నాడి ఆగిన అంకెకు ఇంకో 30 పైకి తీసుకెళ్లి, అప్పుడు వింటూ వదలండి.

వినపడకపోతే ఊహించి 120/80 రాయడం. ఇది తప్పు కాదు, అబద్ధం. వినపడలేదని చెప్పి జతలో వాళ్లను చూడమనండి. ఏ ట్యూటరూ దానికి మార్కులు తీయకూడదు.

5. నడక: కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు

దీన్ని టైమ్డ్ అప్ అండ్ గో అంటారు, 1991 నుంచి వాడుకలో ఉంది. చేతులున్న కుర్చీ ఒకటి అడగండి. ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది కాబట్టి వెనక గోడకు ఆనించండి. మంచం మీద నుంచి చేయించకండి, ఎత్తు వేరు కాబట్టి లెక్క కుదరదు. టేపుతో మూడు మీటర్లు కొలిచి సుద్దతో గీత గీయండి. "లేచి, మామూలుగా నడిచి, గీత దగ్గర తిరిగి వచ్చి కూర్చోండి" అని చెప్పి, ఒకసారి మీరు నడిచి చూపించండి. రోజూ వాడే కర్ర ఉంటే వాడనివ్వండి. "మొదలుపెట్టండి" అన్నప్పటి నుంచి మళ్లీ కూర్చునేదాకా సెకన్లు లెక్కపెట్టండి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉందని లెక్క.

నిలబడగానే బీపీ పడిపోయిన మనిషికి ఆ రోజు ఈ పరీక్ష వద్దు. తడి గచ్చు మీద వద్దు. పందెంలా "తొందరగా, తొందరగా" అనవద్దు.

సరిచూసుకోవడం: మీరిద్దరూ విడివిడిగా టైము చూసి, చెప్పుకోకుండా రాసుకోండి. రెండు సెకన్లకు మించి తేడా వస్తే కాసేపు ఆగి మళ్లీ చేయించండి.

6. రోజువారీ పనులు

కాట్జ్ స్కేలులో ఆరు పనులు: స్నానం, బట్టలు కట్టుకోవడం, బాత్రూముకు వెళ్లడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, తినడం. ఎవరి సాయం లేకుండా చేసే ప్రతి పనికీ ఒక మార్కు, మొత్తం 6. "చేసుకోగలరా?" అని అడగకండి, అందరూ గలమంటారు. "నిన్న ఎవరు నీళ్లు తోడారు? చీర ఎవరు కట్టారు?" అని అడగండి.

7. బిళ్లల కవరు

ప్రతి ఇంట్లోనూ ఒక ప్లాస్టిక్ కవరో స్వీటు డబ్బానో ఉంటుంది. అది తెప్పించి అన్నీ బయట పెట్టించండి. మూడు సంగతులు చూడాలి. పీహెచ్‌సీలో ఇచ్చిన బీపీ బిళ్ల, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన బీపీ బిళ్ల పేర్లు వేరైనా మందు ఒకటే కావచ్చు, స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో అసలు పేరు చదవండి. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కున్న డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు ఉన్నాయా చూడండి, రోజూ వాడితే బీపీ పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. గడువు తీరినవి ఉన్నాయా చూడండి.

ఏ బిళ్లా మీరు ఆపమని చెప్పకూడదు. రాసుకుని ట్యూటర్‌కు, ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త నర్సు) లేదా ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్)కి చెప్పండి. డాక్టరు నిర్ణయిస్తారు.

8. మనసు గురించి అడగడం

జీడీఎస్-15లో పదిహేను ప్రశ్నలు, అవును లేదా కాదు అని జవాబు, గడచిన వారం గురించి. ఇది కోడలి ముందో కొడుకు ముందో అడిగేది కాదు. "కాసేపు పెద్దమ్మతో ఒక్కరితో మాట్లాడతామండీ" అని మర్యాదగా అడగండి. రెండోవాళ్లు కోడలి బీపీ చూస్తూ కూర్చుంటే ఇంకా మంచిది.

మార్కుల దగ్గర అందరూ పొరపాటు పడతారు. ప్రతి "అవును"కీ ఒకటి వేసుకుంటూ పోకూడదు. 1, 5, 7, 11, 13 ప్రశ్నలకు "కాదు" అంటేనే మార్కు, మిగతావాటికి "అవును" అంటే మార్కు. మొత్తం 5 దాటితే డాక్టరు చూడాల్సిన మనిషని అర్థం. డిప్రెషన్ అని మీరు నిర్ధారించకూడదు, ఇంట్లోవాళ్లతో ఆ మాట అనకూడదు.

"దేవుడు తీసుకుపోతే బాగుండు" అన్న మాట మన పెద్దవాళ్ల నోట తరచుగా వింటాం. మామూలే అని వదిలేయకండి, హడలిపోనూ వద్దు. నెమ్మదిగా అడగండి: "చనిపోవాలనిపిస్తోందా? మీకు మీరు ఏమైనా చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా?" అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అని పిల్లలు భయపడతారు. పుట్టదు. అడిగినవాళ్లు దొరికారని ఊరట పడతారు. అవునంటే ఒంటరిగా వదలకండి, అక్కడి నుంచే ట్యూటర్‌కు ఫోన్ చేయండి, ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఎక్కడున్నాయో కనుక్కుని నమ్మకమైన మనిషి చేత తీయించండి. మానసిక ఆరోగ్యం కోసం టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకటి. నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజులుగా పొంతన లేకుండా మాట్లాడుతుంటే "ముసలితనం, మతిమరుపు" అనుకోవద్దు. ఇన్ఫెక్షన్, నీరు తగ్గడం, షుగర్ పడిపోవడం, కొత్త మందు, ఏదైనా కారణం కావచ్చు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. 108కు ఫోన్ చేయండి.

ఒంటి మీద కమిలిన మచ్చలు, పింఛను డబ్బు వేరేవాళ్లు లాగేసుకోవడం, తిండి పెట్టకపోవడం లాంటివి కనిపిస్తే కొడుకుతో వాదన పెట్టుకోకండి. మీరు వెళ్లిపోయాక ఆ కోపం ఎవరి మీద తీరుతుందో ఆలోచించండి. ట్యూటర్‌కు చెప్పండి. పెద్దల కోసం 14567 ఎల్డర్‌లైన్ ఉంది, తల్లిదండ్రుల పోషణకు 2007 చట్టం ఉంది. ఆ దారి పెద్దవాళ్ల ఇష్టం తెలుసుకుని నడవాలి.

9. ఒక్క పని చెప్పి రండి

ఉప్పు తగ్గించండి, ఆవకాయ మానండి, నడవండి, నీళ్లు తాగండి అని ఒకేసారి పది చెబితే ఒక్కటీ జరగదు. మళ్లీ వచ్చేలోపు జరగగలిగింది ఒకటే ఎంచుకోండి. దొడ్లో బల్బు, జారే పాత చెప్పులు మార్చడం, మంచం తలుపుకు దగ్గరగా జరపడం. తర్వాత "నేను చెప్పింది మీ కోడలికి ఎలా చెబుతారు?" అని అడిగి చెప్పించుకోండి. సరిగ్గా చెప్పలేకపోతే మీరు చెప్పడంలోనే లోపం ఉంది, ఇంకోలా చెప్పండి.

పింఛను ఇప్పిస్తామని, ఆపరేషన్ చేయిస్తామని మాట ఇవ్వకండి. ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టకండి, వాళ్లు నవ్వుతూ ఫోజిచ్చినా సరే.

10. రికార్డు: అదే సాయంత్రం

ఇంగ్లీషులో రాయాలంటే భయపడే తెలుగు మీడియం పిల్లలకు నేను చెప్పేది ఇదే. ముందు తెలుగులో, ఆ మనిషి అన్న మాటలతో రఫ్‌గా రాయండి. ఏం చూశారు, ఏం విన్నారు, ఏం కొలిచారు అని మూడు ముక్కలు చేయండి. అప్పుడు ఇంగ్లీషులోకి మార్చండి. సీనియర్ రికార్డు చూసి రాస్తే భాష బాగుంటుంది గానీ వైవాలో, అంటే నోటి పరీక్షలో, రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

నర్సింగ్ డయాగ్నోసిస్‌లో, అంటే సమస్యనూ దాని కారణాన్నీ మీరు రాసే వాక్యంలో, కారణం అచ్చంగా ఆ ఇంటిదై ఉండాలి. "రిస్క్ ఫర్ ఫాల్స్ (పడిపోయే ప్రమాదం), వయసు వల్ల" అని రాస్తే మీరు చేయగలిగింది ఏమీ ఉండదు, వయసు తగ్గించలేరు. "రాత్రి దొడ్లో వెలుతురు లేకపోవడం, నిలబడగానే బీపీ పై అంకె 24 పడటం వల్ల" అని రాస్తే ప్లాన్ అక్కడే ఉంది.

సరిచూసుకోవడం ఇలా: పేరు, వయసు చేత్తో మూసి రికార్డు చదవండి. అది పక్కింటి తాతకూ అతికితే మళ్లీ రాయాలి.

మీ సంగతి

పోస్టింగ్, రికార్డులు, ఇంటర్నల్స్, హాస్టల్ తిండి, ఇంటి మీద బెంగ అన్నీ కలిసి మీద పడే రోజులివి. ట్యూటర్ నలుగురిలో అరిస్తే ఆ రోజంతా చేతులు వణుకుతాయి. ఒక పని చేయండి: తప్పు ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి, మర్నాడు ఆ ప్రొసీజర్‌ను జతలో వాళ్ల మీద ఒకసారి చేయండి. పది రోజుల రికార్డులు ఆదివారానికి పోగేసుకోవద్దు, ఎక్కువ మంది నిద్ర చెడేది అక్కడే. తిరిగొచ్చే బస్సులో ఆ రోజు మనసుకు తగిలిన సంగతి జతలో వాళ్లతో చెప్పుకోండి, పేషెంటు పేరు లేకుండా.

మీరు చూసే తాత రెండు విజిట్ల మధ్యలో పోవచ్చు. ఏడుపొస్తే ఏడవండి. ట్యూటర్‌ను అడిగి ఆ ఇంటికి వెళ్లి కాసేపు కూర్చుని రండి.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, పొద్దున లేవగానే భయం ఉంటే, అది బలహీనత కాదు, చూపించుకోవాల్సిన ఆరోగ్య సమస్య. 14416 మీకూ పనిచేస్తుంది.

ఆఖరి విజిట్

ఆ రోజే చెప్పి వెళ్లిపోకండి. రెండు విజిట్ల ముందు నుంచే "ఇంకా రెండుసార్లు వస్తాం పెద్దమ్మా" అని చెబుతూ ఉండండి, మీ కోసం ఎదురుచూసే మనుషులు వాళ్లు. మొదటి విజిట్‌లో తీసిన నడక సెకన్లు, నిలబడ్డప్పటి బీపీ మళ్లీ తీసి పక్కపక్కన రాయండి. బల్బు వెలుగుతోందా, రాత్రి అన్నం తింటున్నారా కళ్లతో చూసి, అడిగి రాయండి. మిగిలిన పనులు, అంటే కంటి పరీక్ష, రెండు బీపీ బిళ్లల సంగతి, ఏదైనా సరే, ఒక కాగితం మీద తెలుగులో రాసి ఆశాకు ఇవ్వండి, ఇంకో ప్రతి ఏఎన్ఎంకు ఇవ్వండి. ఇచ్చిన తేదీ మీ రికార్డులో వేసి, వాళ్ల సంతకం తీసుకోండి.